‘అంటింది’ అనాలా, ‘పట్టింది’ అనాలా?

తిరుపతిలో ఫార్మసీ పాఠాలు చెబుతాను. పిల్లల కోసం తెలుగులో ఒక వ్యాసం రాస్తూ ఒక్క క్రియ దగ్గర ఆగిపోయాను: మందు ప్రొటీన్‌కు విడిపోకుండా అతుక్కోవడాన్ని ఏమనాలి?

పారాసెటమాల్‌లో కొద్ది భాగాన్ని కాలేయంలోని ఎంజైములు ‘నాప్‌క్వి’ అనే దుడుకు పదార్థంగా మారుస్తాయి. కాలేయంలోనే ఉండే గ్లూటాథయోన్ అనే రక్షక పదార్థం, తాను ఉన్నంతవరకు దాన్ని అడ్డుకుని సాగనంపుతుంది. మోతాదు మించి గ్లూటాథయోన్ అడుగంటితే, ఆ నాప్‌క్వి నేరుగా కాలేయ ప్రొటీన్లలోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లాన్ని కరుచుకుంటుంది. 1973లోనే అమెరికాలో చిట్టెలుకల మీద, మందు ఇలా కాలేయ ప్రొటీన్లను కరుచుకోవడాన్ని చూపించారు.

కొలిచే పద్ధతి వినండి, నా చిక్కు అక్కడే ఉంది. రేడియోధార్మిక కార్బన్-14 చేర్చిన మందును కాలేయ కణాలతో కలిపి కాసేపు ఉంచుతారు. తర్వాత ప్రొటీన్‌ను పాలు విరిచినట్టు విరిచి ముద్దగా దించి, ఆ ముద్దను సాల్వెంట్లతో కడుగుతారు, మళ్లీ కడుగుతారు, కడిగిన ద్రవంలో రేడియోధార్మికత కనిపించనంతవరకు కడుగుతూనే ఉంటారు. చివరికి ముద్దను కరిగించి రేడియోధార్మికతను కొలిచే సింటిలేషన్ కౌంటర్‌లో లెక్కపెడతారు. మిల్లీగ్రాము ప్రొటీన్‌కు మందు ఇన్ని పికోమోల్‌లు (అణువుల లెక్కకు అతి చిన్న కొలత) అని లెక్క వస్తుంది. అంటే ఎంత కడిగినా పోనిదే లెక్కలోకి వస్తుంది. ఇలా అతుక్కోవడాన్ని పుస్తకాల్లో ‘సమయోజనీయ బంధం’ (ఎలక్ట్రాన్లు పంచుకునే గట్టి బంధం) అన్నారు. తప్పు మాట కాదు గానీ, ఆ కడుగుడు అందులో వినపడదు. మీరేమంటారు?

పీలేరు, తెలుగు టీచర్:
‘అంటడం’ చాలదా సార్? మసి అంటింది, బంక అంటింది అంటాం కదా.

అడిగినవారు:
మసి సబ్బుతో పోతుందమ్మా. నాకు పోనిది కావాలి.

బంగారుపాళ్యం, మామిడి రైతు:
టీచరమ్మ మాటను అంత తొందరగా తీసెయ్యొద్దబ్బా. మా తోటలో అంటు కడతాం. కట్టడం వేరు, పట్టడం వేరు. కట్టినవన్నీ పట్టవు. పట్టిందా, ఇంక రెండు కొమ్మలు లేవు, ఒకటే చెట్టు. లాగితే కొమ్మ విరుగుతుంది గానీ విడిపోదు.

శ్రీకాళహస్తి నుంచి:
కలంకారీలోనూ అంతే. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద పటిక నీళ్లతో రాసినచోటే ఎర్రరంగు నిలుస్తుంది. మిగతాది పారే నీళ్లలో జాడిస్తే పోతుంది. నిలిచినదాన్నే ‘రంగు పట్టింది’ అంటాం. మీ ముద్ద కడుగుడు చదివితే స్వర్ణముఖి ఒడ్డు గుర్తొచ్చింది సార్.

ఫార్మసీ విద్యార్థిని:
దుమ్ము కూడా ‘పట్టింది’ అంటాం కదా సార్, తుడిస్తే పోతుంది. పైగా దయ్యం పట్టింది, రోగం పట్టింది అంటాం. ప్రొటీన్‌కు పట్టినంత మాత్రాన విషం కానక్కర్లేదని మీరే చెప్పారు. పారాసెటమాల్‌కు అన్నదమ్ముడిలాంటి మెటా రూపం (అవే పరమాణువులు, ఒక గుంపు చోటు మాత్రం వేరు) చిట్టెలుకల కాలేయ ప్రొటీన్లకు పట్టుకుంటుంది గానీ పారాసెటమాల్‌లా కాలేయాన్ని చెడగొట్టదు కదా.

అడిగినవారు:
భలే పట్టావమ్మాయ్. 2004లో మెర్క్ అనే మందుల కంపెనీ వాళ్లు మిల్లీగ్రాము ప్రొటీన్‌కు 50 పికోమోల్‌లు దాటకూడదని గీత గీసినా, దాన్ని జాగ్రత్త పడమనే గుర్తుగానే పెట్టుకున్నారు, విషానికి రుజువుగా కాదు. దుమ్ము సంగతికి నా దగ్గర జవాబు లేదు. ‘ఉతుక్కు నిలిచి’ అని ముందు చేర్చుకోవాలి. దయ్యం సంగతికి మాత్రం రైతన్నే జవాబు చెప్పేశాడు: అంటు పట్టిందంటే శుభవార్తే కదా. వ్యాసంలో ‘పట్టింది’ అనే రాస్తున్నాను.

బంగారుపాళ్యం, మామిడి రైతు:
రాయండి సార్. తలనొప్పి మాత్ర మాత్రం చూసి వేసుకుంటాం ఇకమీదట.