1,80,000 కిలోమీటర్లు తిరిగిన పెట్రోల్ ఆటోమేటిక్: తీసుకోవచ్చా?

తొలిబండి
అందరికీ నమస్కారం. నాకు ఇదే మొదటి కారు. పదకొండేళ్ల పెట్రోల్ బండి ఒకటి చూశాను. ఆటోమేటిక్ గేర్లు, మీటరు మీద 1,80,000 కిలోమీటర్లు. అమ్మే ఆయన రెండో యజమాని. మొదటి ఆరేళ్ల సర్వీసు కాగితాలు ఉన్నాయి, ఆ తరువాతవి లేవు. టైమింగ్ బెల్ట్ మార్చారో లేదో ఆయనకు తెలియదు. గేర్‌బాక్స్ ఆయిల్ ఒక్కసారీ మార్చలేదట. అది జీవితాంతం ఉండే ఆయిల్, ముట్టుకోకూడదు అంటున్నారు. కుడివైపు ముందు తలుపు రంగు మిగతా బండి కంటే కొంచెం ముదురుగా ఉంది. నడిపితే మాత్రం హాయిగా ఉంది. తీసుకోవచ్చా? తీసుకుంటే వెంటనే ఏమేమి మార్చాలి? ఆ తలుపు సంగతి పట్టించుకోవాలా?

వంతెన దాటాక
బెల్ట్ మార్చారో లేదో తెలియదంటే మార్చలేదనే లెక్క. ఈ ఒక్క మాట నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

మాది 1,34,000 దగ్గర తెగింది, కొన్న మూడో నెలలో. ముందుగా ఏ శబ్దమూ లేదు, ఏ దీపమూ వెలగలేదు. మంచి వేగంలో పోతున్న బండి ఎవరో తాళం తిప్పినట్టు ఆగిపోయింది. పక్కకు చేర్చి మళ్లీ స్టార్టు చేస్తే స్టార్టర్ మోటారు ఎప్పటికంటే తేలిగ్గా, ఏ అడ్డూ లేకుండా గిర్రున తిరిగింది. మామూలుగా వినిపించే ఆ ఒత్తిడి, ఆ ఆగి ఆగి తిరిగే లయ లేదు. ఆ శబ్దం ఇప్పటికీ చెవిలో ఉంది. వాల్వులను పిస్టన్లతో లయ తప్పకుండా ఆడించేది ఆ బెల్టే. అది తెగాక తెరుచుకుని ఉండిపోయిన వాల్వులను పిస్టన్లు వచ్చి గుద్దాయి. పదహారింటిలో పదకొండు వంగిపోయాయి.

బెల్ట్‌కు కిలోమీటర్ల గడువు ఒకటి, ఏళ్ల గడువు ఒకటి ఉంటాయి. ఏది ముందు వస్తే అది. మార్చేటప్పుడు దాన్ని బిగించి ఉంచే టెన్షనర్, దానికి దారి చూపే ఐడ్లర్ బేరింగులు, ఆ బెల్ట్‌తోనే తిరిగేదైతే వాటర్ పంపు, అన్నీ ఒకేసారి వేయించండి. పంపు పాతది ఉంచి ఆరు నెలలకు మళ్లీ అదంతా విప్పించుకున్నవాళ్లను చూశాను.

దారిపొడవు
గేర్‌బాక్స్ ఆయిల్ గురించి ఆయన సరిగ్గానే చెప్పారు. ముట్టుకోవద్దు. నా బండి 1,60,000 వరకు వెన్నలా నడిచింది. ఎవరో చెప్పారని ఆయిల్ మార్పించాను. నాలుగు రోజుల్లో మూడో గేరు జారడం మొదలైంది. ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు. నెలలో గేర్‌బాక్స్ పోయింది. అరిగిన క్లచ్ ప్లేట్లకు ఆ పాత ఆయిల్‌లో ఉన్న పొడే పట్టు ఇస్తుంది. దాన్ని కడిగేస్తే ఇంకేం మిగులుతుంది?

పానా పట్టిన చేయి
ఇరవై రెండేళ్లుగా ఆటోమేటిక్ గేర్‌బాక్సులు విప్పి బిగించడమే నా పని. దారిపొడవు గారూ, ఆ మాట నేను వందసార్లు విన్నాను. ఆయిల్‌లో తేలే పొడి మీద ఆధారపడి నడుస్తున్న గేర్‌బాక్స్ అంటే అది అప్పటికే అయిపోయిన గేర్‌బాక్స్. కొత్త ఆయిల్ దాన్ని చంపలేదు. ఈ భయంతోనే జనం ఆయిల్ మార్చకుండా 2,00,000 వరకు లాగి, చివరికి నా దగ్గరకు తోయించుకుని వస్తారు.

జీవితాంతం ఉండే ఆయిల్ అన్న మాటకు అర్థం ఆ గేర్‌బాక్స్ జీవితాంతం అని. వేడికి ఆయిల్ గుణం పోతుంది, పోయాక గేర్‌బాక్స్ పోతుంది. అప్పుడు ఆ మాట నిజమే అవుతుంది.

దారిపొడవు
నా బండి నాకు తెలుసు. పదేళ్లు నేనే నడిపాను. మార్చక ముందు రోజు వరకు ఒక్క కుదుపు లేదు. చూడకుండానే "అప్పటికే అయిపోయింది" అని ఎలా తీర్పు చెబుతారు? ఇరవై రెండేళ్ల అనుభవం ఉంటే ఎదుటివాళ్ల అనుభవం అబద్ధమైపోతుందా?

ఆరోగేరు
ఇద్దరూ అసలు విషయం వదిలేస్తున్నారు. బండి కొనేది ఇంజిన్ చూసి. చల్లగా ఉన్నప్పుడే చూడాలి. మీరు వెళ్లేసరికి ఇంజిన్ వేడిగా ఉంటే, "మీకోసం ముందే స్టార్టు చేసి ఉంచాను" అంటే, మర్యాదగా వెనక్కి వచ్చి మరో రోజు వెళ్లండి. బానెట్ మీద చేయి పెట్టి చూడండి. మొదటి స్టార్టులో ఒక్కసారి నీలం పొగ వదిలి ఆగిపోతే వాల్వు సీళ్లు గట్టిపడ్డాయి, దానితో కొన్నాళ్లు నడపవచ్చు. యాక్సిలరేటర్ నొక్కినప్పుడల్లా నీలం పొగ వస్తుంటే పిస్టన్ రింగులు పోయాయి, ఇంజిన్ బోరుకు వచ్చింది. తీపి వాసనతో తెల్ల పొగ ఆగకుండా వస్తే కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, కాలుతోంది. చలి ఉదయాల్లో వచ్చి పోయే ఆవిరిని చూసి కంగారు పడకండి.

మూడు లక్షల నలభై వేలు
నా బండి 3,40,000 కిలోమీటర్లు తిరిగింది, ఇంజిన్ ఇంతవరకు విప్పలేదు. నా పద్ధతి ఒక్కటే. ప్రతి 8,000 కిలోమీటర్లకు ఆయిల్, దానితో ఫిల్టరు. 1,50,000 దాటాక చిక్కటి ఆయిల్‌కు మారాను. 5డబ్ల్యూ-30 మానేసి 20డబ్ల్యూ-50. పాత ఇంజిన్‌లో సందులు పెరుగుతాయి, పలచటి ఆయిల్ అక్కడ నిలబడదు. ఇది అందరూ చేయవలసిన పని.

కందెన లెక్కలు
అందరూ చేయవలసిన పని అని మాత్రం అనకండి. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత సులువుగా పారుతుందో చెబుతుంది, వెనక ఉన్నది 100 డిగ్రీల వేడిలో దాని చిక్కదనం. 30 గ్రేడు అంటే ఆ వేడిలో 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలిచే ప్రమాణం) లోపు, 40 గ్రేడు 12.5 నుంచి 16.3 లోపు. మీరు ఒక మెట్టు కాదు, రెండు మెట్లు ఎక్కారు. అంతకంటే ముఖ్యం, ముందున్న 5ను 20 చేశారు. పొద్దున్నే స్టార్టు చేసిన తొలి క్షణాల్లో ఆయిల్ పైదాకా చేరడం ఆలస్యమవుతుంది, అరుగుదల ఎక్కువగా జరిగేది అక్కడే. వాల్వు టైమింగును ఆయిల్ ఒత్తిడితో మార్చే ఇంజిన్లలో ఆ సన్నటి దారుల్లోకి అంత చిక్కటిది సరిగా పోదు. ఆయిల్ తాగే పాత ఇంజిన్‌కు బండితో వచ్చిన పుస్తకం ఒప్పుకుంటే 5డబ్ల్యూ-40 వేయండి, చాలు.

మూడు లక్షల నలభై వేలు
పుస్తకం రాసినవాళ్లు నా బండి నడపలేదు. 3,40,000 నా మీటరు మీద ఉంది. వోల్వో పి1800 నడిపిన ఇర్వ్ గోర్డన్ సంగతి తెలుసా? 1966లో కొన్న బండి, 2013లో 30 లక్షల మైళ్లు దాటించారు. అంటే 48 లక్షల కిలోమీటర్లు. క్రమం తప్పకుండా ఆయిల్ మార్చినవాడికి బండి ఎంత దూరమైనా వస్తుంది.

కందెన లెక్కలు
ఆయన మీద నాకూ గౌరవం ఉంది. కానీ ఆయన ఆ బండిని కొత్తగా కొన్నారు. మొదటి మైలు నుంచి ఏం జరిగిందో ఆయనకు తెలుసు. తొలిబండి గారు కొనబోయేది ఐదేళ్లపాటు ఏం జరిగిందో ఎవరూ చెప్పలేని బండి. రెండింటికీ పోలికే లేదు.

తొలిబండి
అందరికీ కృతజ్ఞతలు. తలుపు గురించి ఎవరూ చెప్పలేదు. అది ప్రమాదం జరిగిన గుర్తా?

నీలం హ్యాచ్‌బ్యాక్
ఒక్క తలుపు రంగు వేరుగా ఉంటే భయపడనక్కరలేదు, గీత పడితే కూడా వేయిస్తారు. తలుపు తెరిచి కీలు బోల్టుల తలలు చూడండి. పానా పడిన చోట రంగు లేచి ఉంటే తలుపు విప్పారు. తరువాత తలుపు చుట్టూ ఉన్న రబ్బరును చేత్తో కొంచెం లాగి లోపలి అంచు చూడండి. కంపెనీలో పడిన వెల్డింగు చుక్కలు గుండ్రంగా, ఒకే వరుసలో, సమాన దూరంలో ఉంటాయి. తలుపు మారిస్తే బాధ లేదు, తలుపు బిగించే స్తంభాన్ని కోసి అతికించి ఉంటే మాత్రం వదిలేయండి. రంగు మందం కొలిచే మీటరు దొరికితే ఇంకా మంచిది. కంపెనీ రంగు సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, కింద లప్పం ఉంటే అంకె అమాంతం ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఇంకొకటి. మీటరు వెనక్కి తిప్పిన బండి కొని ఏడ్చినదాన్ని నేను. 72,000 అని చూపించింది. బ్రేకు పెడల్ రబ్బరు మీద గీతలన్నీ కొత్తగా, నల్లగా ఉన్నాయి, చూసి మురిసిపోయాను. పక్కనే యాక్సిలరేటర్ పెడల్ కుడి మూల అరిగి నున్నగా మెరుస్తోంది, దాన్ని చూడలేదు. బ్రేకు రబ్బరు ఒక్కటే మార్చారు. స్టీరింగు మీద ఎడమచేయి పట్టే చోట తోలు పాలిపోయి ఉంది. దిగేటప్పుడు ఒరుసుకునే సీటు అంచు నలిగి ఉంది. అన్నీ కళ్లముందే ఉన్నా అంకెనే నమ్మాను.

వంతెన దాటాక
తొలిబండి గారూ, బెల్ట్ సంగతి మరవకండి. మిగతావి తరువాత.

దారిపొడవు
నాకు ఇంకా జవాబు రాలేదు. మంచి గేర్‌బాక్స్ ఆయిల్ మార్చిన నాలుగు రోజులకే ఎందుకు జారింది?

పానా పట్టిన చేయి
అడిగారు కనుక చెబుతాను, కోపం లేకుండా వినండి. ఎలా మార్చారు? యంత్రంతో ఒత్తిడి పెట్టి కడిగారా, కింద బోల్టు విప్పి దింపి పోశారా? చివర్లో లెవల్ ఎలా చూశారు?

దారిపొడవు
బోల్టు విప్పి దింపారు. ఎంత దిగితే అంత కొలిచి పోశారు. లెవల్ అక్కడే చూశారు, ఇంజిన్ ఆపి ఉంది.

పానా పట్టిన చేయి
చాలా గేర్‌బాక్సుల్లో లెవల్ చూసేది ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ పుస్తకంలో చెప్పిన వేడికి వచ్చాక. మీది ఏ రకమో నాకు తెలియదు. ఇంజిన్ ఆపితే పైనున్న ఆయిల్ కిందికి దిగి లెవల్ నిండుగా కనిపిస్తుంది, నడిస్తే తక్కువ పడుతుంది. తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది, ఒత్తిడి చాలదు, క్లచ్ జారి మాడుతుంది. దింపినంత పోశారు సరే, పాతదే ముందు నుంచి తక్కువ ఉండి ఉంటే? అప్పటికే అయిపోయింది అని చూడకుండా అన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆయిల్ మార్చడం తప్పు కాదు అన్న మాట మాత్రం తీసుకోను.

దారిపొడవు
ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. జారుతోందని తీసుకెళ్లినప్పుడు కూడా లెవల్ చూడలేదు, నేరుగా విప్పాలన్నారు.

కందెన లెక్కలు
దింపి పోసే పద్ధతిలో మొత్తం మారదు, ఇంజిన్ శక్తిని గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్‌లో చాలా భాగం మిగిలిపోతుంది. ప్రతిసారీ సగం దిగుతుందనుకుంటే, కొంత నడిపి మూడుసార్లు చేశాక ఎనిమిదింట ఏడు పాళ్లు కొత్తది, ఒక పాలు పాతది. పాత గేర్‌బాక్స్‌కు ఇలా నెమ్మదిగా మార్చడమే మేలు.

పానా పట్టిన చేయి
నిజం. గేర్‌బాక్స్ కింద ఆయిల్ నిలిచే ప్యాన్ దించితే అందులోని అయస్కాంతం చూడండి. కాటుకలా మెత్తటి బూడిద ముద్ద ఉంటే అది వయసు. వేలికి గుచ్చుకునే రేకులు ఉంటే ఆయిల్ మీద ఆశ పెట్టుకోవద్దు.

ఆరోగేరు
ఎవరూ టైర్ల మాట ఎత్తలేదు. పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. గాడి ఎంత లోతున్నా పదేళ్ల టైరు పదేళ్ల టైరే.

మూడు లక్షల నలభై వేలు
టైర్లు ఎవరైనా మార్చుకుంటారు. ఆయిల్ గురించి నేను చెప్పింది ఒక్కరూ ఒప్పుకోలేదు, నా ఇంజిన్ ఒప్పుకుంది. అది చాలు నాకు.

నిర్వాహకుడు
ఆయిల్ చిక్కదనం మీద వేరే చర్చ తెరవండి. ఇక్కడ తొలిబండి గారి బండి గురించి మాట్లాడదాం.

తొలిబండి
ఈ ఉదయం వెళ్లి చూశాను. బానెట్ చల్లగా ఉంది. పొగ లేదు. తలుపు కీలు బోల్టులకు పానా తగిలింది, స్తంభం మాత్రం శుభ్రంగా ఉంది. స్టార్టు చేయక ముందే రేడియేటర్ మూత తీశాను. మూత లోపలి వైపు, మెడ చుట్టూ గులాబీ రంగు నురుగు, పాలు విరిగినట్టు. వేలితో తీస్తే జిడ్డుగా ఉంది. పక్కనున్న కూలెంట్ డబ్బాలో కూడా అదే. ఆయన కూలెంట్ రంగే అంత అన్నారు. ఫొటో తీసుకుని వచ్చేశాను. ఇది ఏమిటి?

పానా పట్టిన చేయి
కొనకండి. గేర్‌బాక్స్ ఆయిల్‌ను చల్లబరిచే గొట్టం చాలా ఆటోమేటిక్ బండ్లలో రేడియేటర్ లోపలే ఉంటుంది. అది లోపల చిల్లు పడితే ఎర్ర ఆయిల్, కూలెంట్ కలిసి ఇలా గులాబీ రంగు అవుతాయి. కూలెంట్‌లోకి ఆయిల్ వచ్చిందంటే గేర్‌బాక్స్‌లోకి నీరు కూడా పోయి ఉంటుంది. క్లచ్ ప్లేట్ల మీది పూత ఆ తడికి ఊడుతుంది. మీరు హాయిగా నడిపిన రోజున కూడా అది లోపల జరుగుతూనే ఉండి ఉంటుంది.

దారిపొడవు
చల్లగా ఉన్నప్పుడు మూత తీశారు కదా, అది మంచి పని. వేడి మీద ఎవరూ ముట్టుకోవద్దు, మరిగే నీళ్లు మొహం మీదికి ఎగజిమ్ముతాయి.

తొలిబండి
వదిలేశాను. మరొకటి చూశాను, 2,10,000 కిలోమీటర్లు, మాన్యువల్ గేర్లు, ఒకే యజమాని. ఎక్కువగా రహదారి మీదే తిరిగిందట. మొదటి రోజు నుంచి ప్రతి బిల్లూ ఒక సంచిలో దాచారు, ఆయిల్ మార్చిన తేదీలు ఒక నోటుపుస్తకంలో పెన్సిలుతో రాశారు. అంకె పెద్దదే కానీ మనసు దీని మీదే ఉంది.

వంతెన దాటాక
బెల్ట్ ఎప్పుడు మార్చారు?

తొలిబండి
దీనికి బెల్ట్ లేదండీ, చైన్.

వంతెన దాటాక
అయితే రేపు ఉదయం, రాత్రంతా ఆగి ఉన్న బండిని మీరే స్టార్టు చేయండి. రేడియో ఆపి, కిటికీ దించి, తొలి రెండు మూడు క్షణాలు వినండి. గొలుసు డబ్బాలో దొర్లినట్టు గలగల వినిపించిందో లేదో ఇక్కడ రాయండి.