పరుగెత్తాల్సిందేనా? నడక సరిపోదా?

కాలినడక:
వ్యాయామం అంటే పరుగే, నడకంతా టైంపాస్ అని ఈ మధ్య తెగ వినపడుతోంది, నేను అస్సలు ఒప్పుకోను. నేనైతే నడకే ఎంచుకుంటా, పరుగు చేతకాక కాదు, నడకైతే ఏ రోజూ ఎగ్గొట్టాలనిపించదు కాబట్టి. 2013లో అమెరికాలో ఒక పెద్ద స్టడీ వచ్చింది, 33 వేల మంది రన్నర్లని, 15 వేల మంది వాకర్లని దాదాపు ఆరేళ్ళు గమనించారు, ఖర్చు పెట్టిన శక్తి సమానమైతే బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ ముప్పు రెండు వైపులా ఇంచుమించు ఒకేలా తగ్గింది. మరి నడకంటే చిన్నచూపు దేనికి?

ఊపిరి:
శక్తి సమానమైతే అని మీరే అన్నారు కదండీ, మెలికంతా అక్కడే ఉంది. ఆ సమానం రావాలంటే ఎంతసేపు నడవాలో చెప్పరేం? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో ఓ మోస్తరు వ్యాయామమైతే వారానికి కనీసం 150 నిమిషాలు, గట్టిగా చేస్తే 75 చాలు అని ఉంది. పిల్లల్ని రెడీ చేసి ఆఫీసుకి ఉరకాల్సినవాళ్ళకి అది చిన్న తేడానా? మోకాళ్ళు అరిగిపోతాయని భయపెట్టకండి, 2017లో అంతకుముందు స్టడీలన్నీ కలిపి చూస్తే మామూలు రన్నర్లలో మోకాలు, తుంటి అరుగుదల 3.5 శాతం, కదలకుండా కూర్చునేవాళ్ళలో 10.2.

కాలినడక:
పోటీలకి పరిగెత్తేవాళ్ళలో అదే లెక్క 13.3, అది కూడా చెప్పాలి కదా. అయినా నా బాధ అరుగుదల కాదు, ఉత్సాహంగా మొదలుపెట్టి నొప్పితో మానేసేవాళ్ళ గురించి. నడిచేటప్పుడు ఒక పాదం ఎప్పుడూ నేల మీదే ఉంటుంది, పరుగులో రెండూ గాల్లోకి లేచి ఒక్క కాలి మీద దిగుతాం, దిగిన ప్రతిసారీ ఒంటి బరువుకి రెండు మూడు రెట్లు దాని మీద పడుతుంది, ఏళ్ళ తరబడి కుర్చీకి అతుక్కుపోయిన మనిషికి గుండె, ఊపిరి కొన్ని వారాల్లో సర్దుకుంటాయి గానీ ఎముకలకి, కండరాల్ని ఎముకలకి కలిపి ఉంచే టెండన్లకి నెలలు పడుతుంది, ఈలోగా దమ్ము వచ్చింది కదా అని దూరం పెంచేస్తారు, మడమో ముంగాలో పట్టేస్తుంది, ఇక బూట్లు అటక మీదకే.

కొత్తగా_మొదలు:
నా వాచీ రోజూ 10 వేల అడుగులు అంటోంది, ఇంట్లో అటూ ఇటూ తిరిగినవి కూడా కలుపుకుంటే సరిపోదా అండీ?

కాలినడక:
10 వేలు డాక్టర్లు పెట్టిన లెక్క కాదండీ, 1965లో జపాన్‌లో అమ్మిన అడుగుల మీటర్‌తో ప్రచారంలోకి వచ్చింది. తిరగడం మంచిదే కానీ వ్యాయామం అనాలంటే స్పీడు ఉండాలి, నిమిషానికి 100 అడుగులకి తగ్గకుండా చూసుకోండి. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అదే గుర్తు. మోచేతులు మడిచి ఊపండి, మడమ ముందు ఆనించి చివర్లో వేళ్ళతో నేలని వెనక్కి తొయ్యండి, అప్పుడు పిక్క బిగుసుకోవడం మీకే తెలుస్తుంది. ఫోన్ చూస్తూ నడిస్తే ఇవేవీ జరగవు.

ఊపిరి:
అంత స్పీడుగా నడిచేవాళ్ళు మధ్యమధ్యలో ఒక నిమిషం జాగింగ్ కలిపితే ఏం పోయింది? గంటకి 7 కిలోమీటర్లు దాటితే ఎలాగూ కాళ్ళు వాటంతటవే పరుగులోకి మారతాయి. పైగా మీరు నష్టం అంటున్న ఆ కుదుపే ఎముకని గట్టిపరుస్తుంది, మెల్లగా పెంచితే చాలు.

కాలినడక:
కలిపేవాళ్ళని నేను వద్దనను, నడవడం బాగా అలవాటయ్యాక కలపమంటా. ఎముక కోసమే అయితే బరువులు ఎత్తడం ఉంది, మీరు చెప్పిన ఆ సూచనల్లోనే వారానికి రెండు రోజులు కండరాల వ్యాయామం కూడా చెయ్యమని ఉంది, దాన్ని నడిచేవాళ్ళూ పరిగెత్తేవాళ్ళూ అందరం వదిలేస్తున్నాం.