ఎజ్ కొండ ఊరు: మోకాళ్ళ నొప్పులతో అమ్మ ఎక్కగలదా?

ప్రశ్న (మారతహళ్ళి, బెంగళూరు):
సెప్టెంబరులో ఫ్రాన్స్‌లోని నీస్‌లో నాలుగు రోజులు ఉంటాం. ఒక పూట ఎజ్ చూడాలని ఉంది. అమ్మకి 66, మోకాళ్ళు అంతంత మాత్రం. రెండేళ్ళ పాప, స్ట్రోలర్ కూడా. రైలు స్టేషన్ పేరులో ఎజ్ ఉంది కదా, రైల్లో పోతే సరిపోతుందా?

జవాబు 1:
అందరూ బోల్తా పడేది అక్కడేనండి. ఆ స్టేషన్ సముద్రం ఒడ్డున ఉంది, ఊరేమో దాని నెత్తిమీద, సుమారు 400 మీటర్ల పైన. మధ్యలో జర్మన్ తత్వవేత్త నీషే పేరు పెట్టిన కాలిబాట ఉంది. రెండు కిలోమీటర్లు, ఎక్కడానికి గంట నుంచి గంటన్నర. శ్రీవారి మెట్టు కూడా ఇంచుమించు అంత దూరమే, కానీ అక్కడిలా కట్టిన మెట్లూ పైకప్పూ ఇక్కడ ఆశించకండి. అమ్మగారికి వద్దే వద్దు.

నీస్‌లో ఒకటో నంబరు ట్రామ్ ఎక్కి వోబాన్‌లో దిగండి. అక్కణ్ణుంచి 82 గానీ 602 గానీ ఊరి మొదటికి తీసుకెళ్తాయి. 82 నగర బస్సు, 602 ప్రాంతీయ బస్సు, టికెట్లు వేరు. మధ్యాహ్నం 602 కిక్కిరిసి వస్తుంది, పొద్దున్నే బయల్దేరండి. తిరుగు బస్సు టైము దిగగానే చూసుకోండి.

జవాబు 2:
బస్సు దిగాక కూడా ఎక్కుడే. కోట గుమ్మం దాటితే వాహనాలుండవు, సందులన్నీ రాళ్ళు పరిచిన వాలు, మధ్యమధ్య మెట్లు. స్ట్రోలర్ మోసుకు తిరగాల్సిందే, బేబీ క్యారియర్ పట్టుకెళ్ళండి. అమ్మగారు పసుపు రంగు చర్చి దాకా నెమ్మదిగా రావచ్చు. శిఖరాన ఉన్న కాక్టస్ తోటకి టికెట్, మళ్ళీ మెట్లు. ఫ్రాన్స్ రాజు 14వ లూయీ 1706లో కూల్పించిన కోట శిథిలాల మీద పెంచిన తోట అది. సముద్రం బాగా కనిపించేది అక్కణ్ణుంచే కాబట్టి, ఓపికుంటే వదలకండి.

ప్రశ్న అడిగినవారు:
మరి దిగేటప్పుడైనా ఆ కాలిబాటలో రావచ్చా?

జవాబు 3:
మీరొక్కరే అయితే సరే. అమ్మగారితో అయితే అదే ఇంకా ప్రమాదం: దిగేటప్పుడే మోకాళ్ళ మీద భారం ఎక్కువ. పైగా అరిగి నున్నబడ్డ రాళ్ళు వానకి జారతాయి. చెప్పులు కాదు, పట్టున్న బూట్లు. మనిషికి లీటరున్నర నీళ్ళు. కింద స్టేషన్లో నీస్ రైలు దొరుకుతుంది.

జవాబు 1:
ఎజ్‌లో రెండు గంటలు చాలు. అదే 602 పక్కనున్న చిన్న దేశం మొనాకో దాకా పోతుంది, మీ షెంగెన్ వీసా అక్కడా సరిపోతుంది. ఓపిక మిగిలితే అటు పోండి.