వాయిదాల వసూలు నూటికి నూరు, అయినా ఏదో తేడా కొడుతోంది

వీవోఏ, నల్గొండ వైపు:
నేను వీవోఏని, అంటే గ్రామ సంఘం పుస్తకాలు, లెక్కలు చూసే సహాయకురాలిని. మా గ్రామ సంఘం కింద 23 మహిళా పొదుపు సంఘాలున్నాయి. బ్యాంకు వాయిదాల వసూలు నూటికి నూరు. మండల మీటింగులో మా ఊరి పేరే ముందు చదివి చప్పట్లు కొడతారు. నాకే మనసొప్పడం లేదు.

పోయిన నెల ఒక సంఘానికి వెళ్లాను. ఒకామె అందరికంటే ముందొచ్చి, కొంగు ముడి విప్పి, నోట్లు లెక్కపెట్టి ఇచ్చింది. రసీదు రాస్తూ తలెత్తితే ఆమె చెవులకి కమ్మల్లేవు, చీపురు పుల్లలున్నాయి. నా రిపోర్టులో మాత్రం ఆమె 'సకాలంలో చెల్లింపు'. కమ్మల సంగతి రాయడానికి గడి లేదు కదా!

తీర్మానాల పుస్తకం తీస్తే నాలుగు సమావేశాల సంతకాలు ఒకే పెన్ను, ఒకే చేతిరాత. వేలిముద్ర వేసే ముసలామె కూడా చక్కగా సంతకం పెట్టేసింది!

వచ్చే నెల మీటింగులో 'మంచి సంఘం' అంటే ఏంటో నేను చెప్పాలి. వసూలు కాకుండా ఏం చూడాలి?

రిటైరైన సీసీ (సంఘాల పని చూసుకునే కమ్యూనిటీ కోఆర్డినేటర్):
కొత్తగా కనిపెట్టేదేం లేదమ్మా. సంఘాలు పాటించాల్సిన పంచసూత్రాలు ఉండనే ఉన్నాయి: సమావేశం, పొదుపు, లోపలి అప్పులు (సంఘం సొంత డబ్బులోంచి సభ్యులకిచ్చేవి), చెల్లింపు, పుస్తకాలు. మనవాళ్లు నాలుగోదాన్నే పట్టుకున్నారు. 2010 గుర్తు చేసుకోండి. సూక్ష్మ రుణ కంపెనీల వసూళ్లు కాగితం మీద బ్రహ్మాండం. ఇళ్లల్లో చూస్తే ఒకరి వాయిదా కట్టడానికి ఇంకొకరి దగ్గర అప్పు. ఆత్మహత్యల వార్తలొచ్చాక, ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆ కంపెనీలకి కళ్లెం వేస్తూ ఆర్డినెన్సు తేవాల్సొచ్చింది.

ఎంబీఏ తమ్ముడు:
అక్కా, దీన్నే బ్యాలెన్స్‌డ్ స్కోర్‌కార్డ్ అంటారు. 1992లో కాప్లన్, నార్టన్ అనే ఇద్దరు మేనేజ్‌మెంట్ నిపుణులు రాశారు. డబ్బుతోపాటు కస్టమరు, లోపలి పనితీరు, నేర్చుకోవడం కూడా చూడాలంటారు. 20 సూచికలతో ఎక్సెల్ షీటు చేసిస్తాను.

బ్యాంకు ఫీల్డ్ ఆఫీసర్:
తమ్ముడూ, ఆ 20 గడులు నింపాల్సింది కూడా ఈ అక్కే. నేనైతే రెండే చూస్తాను. పొదుపు ఖాతాలో డబ్బు కదులుతోందా? లోపలి అప్పు లీడర్లిద్దరి మధ్యే తిరుగుతోందా, చివరి సభ్యురాలిదాకా చేరిందా?

వీవోఏ, నల్గొండ వైపు:
ఆ సంఘానికే మళ్లీ వెళ్లాను. 'ఈసారి వాయిదా డబ్బు ఎక్కడిది?' అని అందరిలో అడిగితే 'ఇంట్లోదే' అన్నారు. ఇళ్లకి వెళ్లి ఒక్కొక్కరినే అడిగాను. 12 మందిలో ఐదుగురిది పాల డబ్బు, ఇద్దరిది కూలి డబ్బు, నలుగురు వారం ఫైనాన్సులో తెచ్చారు. ఒకామెవి కమ్మలు.

సంఘం పొదుపు ఖాతాలో మాత్రం 41 వేలు ఏడాదిగా కదల్లేదు. సొంత డబ్బు అక్కడ పెట్టుకుని వారం ఫైనాన్సు! లీడర్ని అడిగితే, 'తీస్తే పెద్ద లోను ఇవ్వం అన్నారు' అంది. సార్, ఇది మీ బ్యాంకుల మాటేనా?

బ్యాంకు ఫీల్డ్ ఆఫీసర్:
కొన్ని బ్రాంచీల్లో అలా చెప్తారు, కాదనను. కానీ 10 లక్షల లోపు సంఘం అప్పుకి పొదుపు ఖాతాని ఆపి పెట్టకూడదని రిజర్వు బ్యాంకు సర్క్యులర్లోనే ఉంది. ప్రింటు తీసుకుని మేనేజరు దగ్గరికి వెళ్లండి. పొదుపు తీస్తామని తీర్మానం కూడా రాసి తీసుకెళ్లండి. సంతకాలు మాత్రం ఈసారి ఎవరివి వాళ్లనే పెట్టమనండి.