నాటు కోళ్ల పేగుల్లోని మేలైన బ్యాక్టీరియాను దాణాలో కలపవచ్చా?

పర్లాకిమిడి కోళ్ల రైతు:
మా షెడ్డులో బ్రాయిలర్ పిల్లలకు మొదటి వారంలోనే తెల్ల పారుడు పట్టుకుంటోంది. పెరట్లో పురుగూ పుట్రా ఏరుకు తినే నాటు కోళ్లకు ఆ బాధ లేదు. వాటి పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను దాణాలో కలిపితే యాంటీబయాటిక్ లేకుండా గట్టెక్కగలమా? ఎండిన రెట్టను పొడి చేసి తౌడులో కలపమని ఒకరు చెప్పారు, అది సబబేనా?

బరంపురం మైక్రోబయాలజిస్టు:
రెట్ట మాత్రం కలపకండి. మీ ఆలోచనకు ఆధారం లేకపోలేదు. ఫిన్లాండుకు చెందిన నూర్మి, రాంటాలా పెద్ద కోళ్ల పేగులోని పదార్థాన్ని అప్పుడే గుడ్డు నుంచి బయటపడ్డ పిల్లలకు ఇస్తే పారుడు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా వాటిలో అంతగా పాతుకోలేదని 1973లో చూపారు. అయితే ఆరోగ్యంగా కనిపించే కోడి కూడా సాల్మొనెల్లాను మోస్తూ ఉండవచ్చు, రెట్టతో అదీ వస్తుంది.

వేరుచేయడం పెద్ద కష్టం కాదు. అప్పుడే కోసిన కోడి అంధనాళం (పేగులో మూసుకుపోయిన సంచి వంటి భాగం) లోపలి పదార్థాన్ని పలుచన చేసి, ఎంఆర్ఎస్ అగర్ అనే బ్యాక్టీరియాను పెంచే జెల్లీ మీద పరచి, గాలి తగలకుండా 37 డిగ్రీల వద్ద రెండు రోజులు ఉంచితే లాక్టోబాసిల్లస్ వంటి మేలైన బ్యాక్టీరియా తెల్లని చుక్కలుగా లేస్తాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్ బొట్టు వేసినప్పుడు నురగ రానివాటిని ఉంచుకుంటాము, లాక్టోబాసిల్లస్‌కు నురగ రాదు. అసలు పని ఆ తరువాతిదే. అవి పీహెచ్ 3 ఆమ్లాన్నీ, 0.3 శాతం పైత్యలవణాలనూ తట్టుకోవాలి, సాల్మొనెల్లాను అణచాలి, రక్తపు అగర్ మీద రక్తకణాలను కరిగించకూడదు. ఇతర బ్యాక్టీరియాకు పాకగల యాంటీబయాటిక్ నిరోధక జన్యువులు వాటిలో ఉండనే కూడదు. ఈ పరీక్షను దాటవేసి అమ్మే సరుకును నేను నమ్మను. పెల్లెట్ దాణా తయారీలో ఆవిరి వేడికి లాక్టోబాసిల్లస్ చాలావరకు చస్తుంది కనుక, వేడిని తట్టుకునే సిద్ధబీజాలు (స్పోర్లు) ఏర్పరచుకునే బాసిల్లస్ సబ్టిలిస్ అనే బ్యాక్టీరియాను ఎక్కువగా వాడతారు.

ఇంకొక మాట. తెల్ల పారుడు పుల్లోరం (సాల్మొనెల్లాలో ఒక రకం తెచ్చే జబ్బు) అయితే అది ముఖ్యంగా తల్లికోడి నుంచి గుడ్డు ద్వారా పిల్లకు సోకుతుంది. ముందుగా చచ్చిన పిల్లలను పశువుల ఆసుపత్రిలో పరీక్ష చేయించి, పిల్లలు ఏ హేచరీవో ఆరా తీయండి.

రాయగడ మేకల పెంపకందారు:
మా వైపు గొల్లలు మేపే గంజాం మేకలు తినని ఆకు లేదు. సుబాబుల్ చెట్టు ఆకులోని విషాన్ని విరిచే బ్యాక్టీరియా మేకల్లోనే దొరికిందని విన్నాను. దానిని కూడా దాణాలో కలుపుతారా?

బరంపురం మైక్రోబయాలజిస్టు:
నిజమేనండి. సుబాబుల్‌లోని మైమోసిన్ అనే విషం వల్ల ఆస్ట్రేలియాలో పశువులు చిక్కిపోతుంటే, అదే ఆకు తిని బాగున్న హవాయి మేకల రుమెన్ (మొదటి పొట్ట) నుంచి ఆ బ్యాక్టీరియాను తెచ్చి ఎక్కించారు. 1992లో దానికి సినర్జిస్టెస్ జోన్సియై అని పేరు పెట్టారు. అయితే అది గాలి తగిలితే బతకదు కనుక దాణాలో కలపరు, రుమెన్ ద్రవంతో పెంచి పశువు నోట పోస్తారు.

పర్లాకిమిడి కోళ్ల రైతు:
రెట్ట ఆలోచన మానుకున్నాను. ఈసారి పిల్లలు చస్తే మంచు పెట్టెలో ఆసుపత్రికి తీసుకువెళతాను; హేచరీ వారిని తల్లికోళ్ల పుల్లోరం పరీక్ష పత్రం అడుగుతాను.