సమస్య: "సెట్టొక్కటి సెట్టు కాక సెట్టే పోయెన్"

అనంతపురం (నిర్వహణ): ఈ వారం కందం. పై పాదం నాలుగోది, ముందు మూడూ మీవి. షరతు ఒక్కటే, మూడు సెట్టులకూ మూడు వేరు అర్థాలు ఉండాలి, అవి మన ఊళ్ళల్లో నోట ఆడే అర్థాలే కావాలి. ఇరవై సంపుటాల ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు రెండో కూర్పు 1989లో వచ్చినప్పుడు అందులో అన్నిటికన్నా పొడుగు పద్దు ఈ ఇంగ్లీషు 'సెట్' మాటదే, 430 దాకా అర్థాలు, వివరణే సుమారు 60 వేల మాటలు. తర్వాతి కాలంలో 'రన్' దాన్ని దాటేసింది, క్రియగానే 645 అర్థాలని లెక్క తేల్చారు. అవన్నీ మనకెందుకు, మన పొలంలో, వంటింట్లో, అంగట్లో తిరిగేవి చాలు. బేసి గణంలో జగణం (లఘువు, గురువు, లఘువు) రాకూడదు, ఆరో గణం నలమో (నాలుగు లఘువులు) జగణమో కావాలి, ప్రాస, అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం, ట్ట. కందం చెప్పినవాడే కవి అన్నారు, కాచుకోండి.

కళ్యాణదుర్గం రైతు: మొదట నాది వేస్తున్నా అన్నా.

గట్టున నిలిపిన మోటరు
నట్టుల బోల్టుల నమర్చి నడిపిరి రేయిన్
పట్టక బేరింగులలో
సెట్టొక్కటి సెట్టు కాక సెట్టే పోయెన్

మొదటిది బేరింగుల సెట్టు, రెండోది అతకడం, మూడోది పంపుసెట్టు.

గుత్తి మాష్టారు: గణాలు శుభ్రంగా ఉన్నాయి, న-న యతి కుదిరింది. 'నట్టుల బోల్టుల నమర్చి' అన్నచోట ఆరో గణం జగణంగా సహజంగా పడింది, వెతికి పెట్టినట్టు లేదు. ఒక్క సందేహం నాయనా. ఇప్పుడు గట్టున మోటరెక్కడుంది, మన జిల్లాలో అన్నీ బోరు లోపల దించే సబ్‌మెర్సిబుల్ మోటర్లే కదా.

కళ్యాణదుర్గం రైతు: చెరువు కింద మా పాత బావికి ఇంకా మోటరూ పంపూ ఒకటిగా ఉండే మోనోబ్లాక్ మోటరే ఉంది మాష్టారూ, గట్టునే. రాత్రి కరెంటు ఇచ్చే రోజుల్లో జరిగింది ఇది. కొత్త బేరింగు షాఫ్టు మీద వదులుగా కూర్చుంది, ఆన్ చేయగానే కీచుమని అరుపు, ఆపకుండా వదిలేస్తే రోటరు పక్కకు జరిగి స్టేటరుకు రాసుకుంటుంది, కాసేపటికి కాలిన వార్నిష్ వాసన వస్తుంది, అంతే, వైండింగు పోయినట్టే. బేరింగు ధరెంత, మోటరు కట్టించే ఖర్చెంత చూడండి. శనక్కాయ ఊడలు దిగే వేళ నీళ్ళు ఆగితే ఆ ఏటికి కాయ లేదు.

అనంతపురం: ఈ వివరణ చదివాక 'పట్టక' అన్న మాట బలం తెలిసింది. షాఫ్టును పట్టకపోవడమే కదా అసలు జబ్బు. ఆ మాట మార్చొద్దు.

ప్రొద్దుటూరు అక్క: మా ఊరు బంగారం అంగళ్ళకు పేరు కాబట్టి నగల మీదే రాశాను.

గుట్టుగ దెచ్చిన నగలను
పెట్టియ విప్పిరి వధువుకు పెట్టగ వరుసన్
చుట్టము లలిగిరి కమ్మల
సెట్టొక్కటి సెట్టు కాక సెట్టే పోయెన్

హారానికి కమ్మలు జత కుదరలేదు, ఆడపెళ్ళివారు అలిగారు, కుదిరిన సంబంధం పోయింది.

గుత్తి మాష్టారు: అమ్మా, మూడు పాదాలు కళ్ళకు కట్టినట్టున్నాయి, 'గుట్టుగ' అనడంలోనే ఆ ఇంటివాళ్ళ తీరు తెలుస్తోంది. చిక్కంతా చివరి సెట్టుతోనే. 'సంబంధం సెట్టయింది' అంటాం, అక్కడ అది క్రియతో కలిసిన మాట. 'సెట్టు పోయింది' అంటే సంబంధం పోయిందని ఎవరికీ తోచదు.

ప్రొద్దుటూరు అక్క: అయితే నగల సెట్టంతా అంగడికి వాపసు పోయిందని చెప్పుకోవచ్చా మాష్టారూ?

అనంతపురం: చెప్పుకోవచ్చు అక్కా, కానీ అప్పుడు మొదటిదీ మూడోదీ రెండూ నగలే అవుతాయి, షరతు తప్పుతుంది. పద్యంగా నాకు ఇది చాలా ఇష్టం, పూరణగా మాత్రం రెండు అర్థాల దగ్గరే ఆగింది.

కడప విద్యార్థి: బ్రౌన్ గ్రంథాలయంలో కూర్చుని ప్రాస పదాలు ఏరుకుని మరీ రాశాను, పెద్దలు చూడాలి.

పట్టుదలతోడ చదివియు
కట్టితి ఫీజులు మరిమరి కాలే జడుగన్
మెట్లెక్కి దిగితి నూరక
సెట్టొక్కటి సెట్టు కాక సెట్టే పోయెన్

మొదటి సెట్టు ఎంట్రన్స్, రెండోది కుదరడం, మూడోది నా తోటి స్నేహితుల సెట్టు, అందరూ సీట్లొచ్చి బెంగళూరు వెళ్ళిపోయారు.

గుత్తి మాష్టారు: బాబూ, మూడో పాదంలో ప్రాస పోయింది. మిగతా మూడింటా ట్ట ఉంటే అక్కడ ట్ల వచ్చింది. 'మెట్టెక్కి దిగితి నూరక' అను, ఒక్క అక్షరంతో సరిపోతుంది, గణాలు కదలవు. ఇంకొకటి, ఎంసెట్‌లోని సెట్ ఈ మాట కానే కాదు. అది కామన్ ఎంట్రన్స్ టెస్ట్ అన్న మూడు మాటల మొదటి అక్షరాల కూర్పు. 1986లో మొదలైన ఆ పరీక్ష 2021 నుంచి మన రాష్ట్రంలో ఈఏపీసెట్ అయింది, చివర ఉన్న సెట్ మాత్రం అవే పొడి అక్షరాలు.

ఆదోని: నేను ఒప్పుకోను మాష్టారూ. సమస్యాపూరణంలో చెవికి ఒకటిగా వినబడితే చాలు, పుట్టుక అడగకూడదు. 'ఏ సెట్టు రాశావప్పా' అని ఊళ్ళో అవ్వలు కూడా అడుగుతారు, వాళ్ళకు అది మాటే, పొడి అక్షరాలు కాదు.

అనంతపురం: ఇందులో నేను ఆదోని వైపే. పుట్టుక చూడటం మొదలుపెడితే అసలు సెట్టే రెండు మాటలు. పెట్టడం, కుదర్చడం అనే క్రియ పాత ఇంగ్లీషు 'సెట్టన్' నుంచి వచ్చింది, కూర్చోబెట్టడం అని దాని అర్థం. గుంపు, జత అనే నామవాచకం ఫ్రెంచి మీదుగా లాటిన్ 'సెక్తా' నుంచి వచ్చింది, ఒకరి వెంట నడిచేవాళ్ళు అని. తర్వాత ఇంగ్లీషువాళ్ళ నోట్లోనే రెండూ కలిసిపోయాయి. మనకు చేరేసరికి చివర ఉకారం తగిలి, 'సెట్టు' పక్కన 'ఒక్కటి' వస్తే ఉత్వసంధి చేసుకుని 'సెట్టొక్కటి' అయ్యేంతగా ఇంటిది అయిపోయింది. కుర్రాడి మొదటి సెట్టును నేను ఒప్పుకుంటున్నా. మూడోదాని మీదే నాకు కొంచెం అనుమానం, మన పిల్లలు 'మా బ్యాచ్' అంటారు గానీ 'మా సెట్టు' అనడం తక్కువ.

కడప విద్యార్థి: మెట్టెక్కి అని మార్చుకున్నాను మాష్టారూ. మా వీధిలో 'వాళ్ళంతా ఒక సెట్టు' అంటారు అన్నా, నిజంగానే.

అనంతపురం: అయితే చెల్లుతుంది.

అనంతపురం టెన్నిస్ అన్న: ఊరి పేరు నిలబెట్టాలి కదా. టెన్నిస్ ఆటగాడు నడాల్ ఫౌండేషన్, ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) కలిసి 2010లో మన అనంతపురంలో టెన్నిస్ బడి పెట్టాయి, ఆ ఆటే రాశా.

జట్టుగ నాడిన యాటన
పట్టిన రాకెట్టు తీగ పట్టు సడలఁగా
తట్టెను బంతియు వలనే
సెట్టొక్కటి సెట్టు కాక సెట్టే పోయెన్

రాకెట్టు తీగలు సెట్టుగా అమ్ముతారు. ఆ సెట్టు బిగువుగా సెట్టు కాలేదు, ఆటలో సెట్టు పోయింది.

గుత్తి మాష్టారు: మూడు అర్థాలూ ఎవరూ కాదనలేనివి, మూడూ ఒకే చోట, ఒకే ఆటలో జరిగినవి. 'పట్టిన', 'పట్టు' ఒకే పాదంలో వేరు అర్థాల్లో రావడం సమస్య తీరుకు తగ్గట్టుంది. బంతి వలను తాకడంతో ఆగి చివరి పాదానికి దారి వదిలారు, అది నాకు అన్నిటికన్నా నచ్చింది.

జమ్మలమడుగు: ఆలస్యమైంది, క్షమించాలి. గండికోట మాకు దగ్గర, షూటింగులు చూస్తుంటాం.

అట్టల కోటను గట్టిరి
చుట్టును లైటులు వెలుగగ సూర్యుని పగిదిన్
కొట్టిన గాలికి గుంజల
సెట్టొక్కటి సెట్టు కాక సెట్టే పోయెన్

ఆదోని: చు, సూ యతి చెల్లుతుందా?

గుత్తి మాష్టారు: చెల్లుతుంది. చ ఛ జ ఝ శ ష స ఒకదానికొకటి యతి మిత్రులు, ఉ ఊ కూడా కలిశాయి. ఇలాంటి యతి ధైర్యంగా వాడేవాళ్ళు తగ్గారు, అభినందనలు.

ప్రొద్దుటూరు అక్క: గండికోటలో పెన్నా లోయ అంచున నిజం కోటే ఉండగా అట్టల కోట ఎందుకు కడతారమ్మా?

జమ్మలమడుగు: అది పురావస్తు శాఖ కాపాడే కోట అక్కా, గోడకు మేకు కొట్టనివ్వరు. కథలో గోడ కూలాలన్నా, కాలాలన్నా బయట అట్టల గోడ లేపాల్సిందే. గుంజలు బండ నేలలో లోతుకు దిగవు, రాళ్ళు పేర్చి నిలబెడతారు, లోయలోంచి గాలి లేస్తే మొదట కదిలేది అవే.

అనంతపురం: గుంజల సెట్టు, నిలదొక్కుకోవడం, సినిమా సెట్టు. ఈ వారం టెన్నిస్ అన్నదీ, జమ్మలమడుగు చెల్లిదీ రెండూ మొదటి వరుసలో పెడుతున్నా. కళ్యాణదుర్గం అన్న పద్యం ఆ పక్కనే, దాని కింద ఆయన వివరణ కూడా ఉంచుతాను, తీసేస్తే పద్యానికి లోటు. అక్కా, మీరు మూడో పాదం మార్చి పంపితే మళ్ళీ చూస్తాం.

వచ్చే వారానికి ఆటవెలది, అదీ చివరి పాదమే: "లైను లేని చోట లైను నిలిచె". కరెంటు లైను, రేషను లైను, ఫోను లైను, ఏదైనా సరే, రెండూ వేరు కావాలి. ఆదివారం రాత్రి లోపల పంపండి.