సిరొంచ మిర్చికి సోలార్ డ్రయర్: రైతుకు పనికొచ్చే వ్యాపారమేనా?

ప్రాణహిత ఒడ్డు:
మన సిరొంచలో (మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా) ఇంజినీరింగ్ చదివిన కొందరు పిల్లలు సోలార్ డ్రయర్లు పెడతారట. కిలోకి ఇంత అని తీసుకుని మిర్చి ఆరబెట్టి ఇస్తారట. నేను వాళ్ల పక్షమే. 2023 మార్చిలో ఇటు విదర్భలో, అటు తెలంగాణలో అకాల వానలు, వడగళ్లు పడ్డాయి. అలాంటి వానకు కల్లంలో కాయ తడిస్తే రంగు పోయి తాలు (నాసిరకం కాయ) కింద పోతుంది. ఔరంగాబాద్ వైపు ఎస్‌ఫోర్‌ఎస్ టెక్నాలజీస్ అనే కంపెనీ కూడా కుర్రాళ్లు పెట్టిందే. మహిళా రైతులకు సోలార్ డ్రయర్లు ఇచ్చి, ఎండిన సరుకు తనే కొంటుంది. 2023లో దానికి పర్యావరణ పనులకిచ్చే అంతర్జాతీయ బహుమతి ఎర్త్‌షాట్ ప్రైజ్ వచ్చింది. మన పిల్లలకెందుకు చేతకాదు?

తేజ రైతు:
అన్నా, పిల్లల మీద నాకు కోపం లేదు, లెక్క మీదే అనుమానం. ఎకరాకు 15 క్వింటాళ్ల ఎండు మిర్చి రావాలంటే కల్లానికి చేరే పండుకాయ సుమారు మూడింతలు, అంటే 45 క్వింటాళ్లు. మూడు కోతల్లో కోసినా ఒక్కో కోతకు 15 క్వింటాళ్లు. క్వింటా పట్టే డ్రయర్‌లో ఒక్కో విడతకు రెండు రోజులు వేసుకున్నా నెల పడుతుంది. ఈలోపు మిగతా కాయ ఎక్కడుండాలి? టార్పాలిన్ పట్టా కింద కుప్పగా పెడితే బూజు పడుతుంది, ఆ బూజు వల్ల పుట్టే విషం అఫ్లటాక్సిన్ ఉంటే ఎగుమతి వాళ్లు ముట్టరు. పైగా మబ్బు పట్టిన రోజు సోలార్ వేడి తగ్గుతుంది. మనకు డ్రయర్ కావాల్సింది సరిగ్గా ఆ రోజే కదా!

సోలార్ పని చేసేవాణ్ని:
మబ్బు రోజుకు కట్టెలతోనో, కరెంటుతోనో వేడి ఇచ్చే ఏర్పాటు పెట్టొచ్చు, ఖర్చు పెరుగుతుంది. అయితే పచ్చి సరుకంతా డ్రయర్‌లో పోయాలని ఎవరన్నారు? ముప్పావు వంతు కల్లంలో ఆరాక, చివరి తేమ మాత్రం లోపల తీయండి. తేమ 10-11 శాతానికి దిగితే కోల్డ్ స్టోరేజీలో పెట్టినా చెడదు. మీ నెల రోజుల లెక్క అప్పుడు చాలా తగ్గుతుంది.

అడవి అంచు అక్క:
మీరంతా మిర్చి దగ్గరే ఆగారు. మార్చి, ఏప్రిల్‌లో మా ఆడవాళ్లు తెల్లారకముందే అడవికి పోయి ఇప్పపువ్వు ఏరుకొస్తారు. ఒక్క జల్లు పడితే పువ్వు నల్లబడుతుంది, వ్యాపారి సగం ధర కూడా చెప్పడు. ఒక సంఘం రోజుకు తెచ్చేది చిన్న డ్రయర్‌కు సరిపోతుంది. తమ్ముళ్లు ముందు మా దగ్గరికి రావాలి. పెట్టుబడి తక్కువ, అవసరం ఎక్కువ.

తేజ రైతు:
అక్క మాట నాకు నచ్చింది, ఇప్పపువ్వుతోనే మొదలుపెట్టమనండి. సోలార్ తమ్మీ, నువ్వు చెప్పిన పద్ధతికీ ఒప్పుకుంటా, ఒక షరతు మీద. అద్దె కట్టి సరుకు అప్పజెప్పాక లోపల కాయ రంగు పోతే నష్టం ఎవరిది? ఎస్‌ఫోర్‌ఎస్ సరుకు తనే కొంటుంది కాబట్టి అమ్ముడుపోకపోతే దెబ్బ దానికీ తగులుతుంది. మన పిల్లల పద్ధతిలో వానైనా ఎండైనా అద్దె వాళ్లకు ఖాయం, ధర పడిపోయే భయం మాత్రం నాది. వరంగల్ మార్కెట్లో తాలుకు, మంచి కాయకు మధ్య ఎంత తేడా ఉంటే అంత కంపెనీ భరిస్తుందని కాగితం మీద రాయాలి. రాస్తే మొదటి బస్తా నాదే.

ప్రాణహిత ఒడ్డు:
కొత్త కంపెనీ అంత భారం మొదటి ఏడే మోయలేదు, అన్నా. సగం నష్టం వాళ్లు, సగం రైతు అంటే కూర్చుని మాట్లాడతారా?

తేజ రైతు:
సగానికి నేను రాను. మూడొంతుల్లో రెండొంతులు వాళ్లు మోస్తామంటే మాట్లాడదాం.